చేపలకి గాలి

అయినా ఆ చప్పుడు ఎంతని, గుప్పెడు బుడగలు నీళ్ళ అడుగు నుంచి పైకొచ్చి పగిలే చప్పుడు, తొట్టి పక్కన కూర్చుని చెవి పెట్టినవాళ్ళకి తప్ప వినపడదు, గ్రిల్లు అవతల నుంచున్న మనిషికి, అందులోనూ అరవై దాటిన అచ్చాయమ్మ పిన్నికి, ఆ కంగారులో, ఆ వగర్పులో ఏం వినపడుతుంది, వినపడి ఉండదు, అని రాజ్యలక్ష్మి పొద్దుటి నుంచి ఎన్నోసారో అనుకుంటూ, చేటలో బియ్యం చెరుగుతున్నది కాస్తా ఆపేసి, లేచి, హాలు దాటి, గ్రిల్లు తీసుకుని, పొద్దున్న పిన్ని నుంచున్న మెట్టు మీదే నుంచుని చెవి ఒగ్గి చూసింది, వీధి చివర నిన్నటి గాలికి పడిపోయిన కొబ్బరిచెట్టుని ఎవరో రంపంతో కోస్తున్నారు, ఆ రంపం రొదలో నిజంగానే ఏమీ వినపడలేదు, హమ్మయ్య అనుకుంది, చూసేవా మరి అని తనకి తనే చెప్పుకుంది, అంతలో కోసేవాళ్ళు చెమట తుడుచుకోడానికి కాబోలు రంపం ఆపారు, ఆపగానే, హాల్లోంచి, గుడగుడగుడమంటూ, ఎవరో పక్కగదిలో కూర్చుని హుక్కా పీలుస్తున్నంత స్పష్టంగా వినపడింది.

పొద్దున్న రంపం లేదు. పొద్దున్న కాకులు కూడా అరవలేదు, గూళ్ళు పోయి ఎటు ఎగిరిపోయాయో, వీధి వీధంతా చెవులు రిక్కించుకున్నట్టు ఉంది, అప్పుడప్పుడే తెల్లారుతోంది, గ్రిల్లు మీద తాళంకప్పతో టకటక కొట్టిన చప్పుడుకి లేచి వెళ్తే పిన్ని, చంకలో ప్లాస్టిక్ బుట్ట, బుట్టలో పొగ మిషను, మనవరాలు రమ్యకి ఆయాసం వచ్చినప్పుడల్లా మందు పోసి మూతికి మాస్కు పెట్టే మిషను, ఇంట్లో ఒకటి ఉంచుకోండమ్మా అని అమలాపురంలో పిల్లల డాక్టరుగారు చెబితే కొన్నారు, మిషను ఉంది, మందు ఉంది, కరెంటే లేదు, నిన్న సాయంత్రం ఈదురుగాలికి స్తంభాలు ఒరిగిపోయి పోయిన కరెంటు, అమ్మాయ్ రాజ్యం, పాపకి రాత్రంతా పిల్లికూతలమ్మా, డొక్కలు ఎగరేస్తంది, మీ ఇన్వర్టరు మీద ఒక్క పది నిమిషాలు పెట్టుకుంటాం, కోడలు భవాని ఎత్తుకొస్తంది, అంది పిన్ని, పెట్టుకోవచ్చా అని కాదు, పెట్టుకుంటాం అని, కాదనదని తెలిసిన మనిషి మాట అది, ఒక కాలు అప్పటికే పై మెట్టు మీద ఉంది, తాళం తియ్యాల్సిన రాజ్యలక్ష్మి చెయ్యి ఊచని పట్టుకుని అలాగే ఉండిపోయింది, నోరు మాత్రం, ఎవరో ముందే చెప్పి పంపిన మాటలాగా, అయ్యో పిన్నీ, బ్యాటరీ రాత్రే అయిపోయింది, నేనూ చీకట్లోనే పడున్నాను చూడు, అనేసింది, ఫ్యానూ లైటూ తనే ఆపింది, చేపల తొట్టిలో గాలి పంపు ఒక్కటి ఆగకుండా ఉండాలని ఆపింది, కాబట్టి చీకటి నిజం, చీకటి ఒక్కటే నిజం, పిన్ని కళ్ళు ఆమె భుజం మీంచి హాల్లోకి వెళ్ళాయి, అక్కడ ఒక్క క్షణం ఆగాయి, మళ్ళీ వచ్చి రాజ్యలక్ష్మి మొహం మీద ఆగబోయి, ఆగకుండానే బుట్టలోకి దిగిపోయాయి, ఆయ్, అలాగేనమ్మా, పోనీలే, నువ్వు పడుకో, అంది, పై మెట్టు మీంచి కాలు దించుకుంది, మిషను మీద కొంగు కప్పుకుంది, వాన లేదు, ఎందుకు కప్పినట్టు, సిగ్గుపడ్డట్టు కప్పింది, ఎవరు సిగ్గుపడాలి, ఎవరు కప్పుకోవాలి.

అయితే చేపలేం కావాలి, అని లోపల్నించి ఇంకో గొంతు, అదీ తనదే, ఉక్రోషంగా లేచింది, అవి మాత్రం ప్రాణాలు కావా, చెయ్యి చాపినంత పొడుగు తొట్టి నిండా ఎర్రటి గోల్డు చేపలు, బుగ్గలు ఉబ్బించుకుని, తోకల్ని పట్టుచీర కుచ్చిళ్ళలా విప్పుకుని తిరిగేవి, మస్కట్‌లో ఏసీలు బిగించే భాస్కర్ అక్కడ ఏదో హోటల్లో గోడంత తొట్టి చూసి మనసు పారేసుకుని, కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు పని గట్టుకుని రాజమండ్రి వెళ్ళి, ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళతో సహా ఒళ్ళో పెట్టుకుని రావులపాలెం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, కుదుపులకి తన ఒళ్ళే ఊయల చేసి తెచ్చినవి, ఉన్న రెండు నెలల్లో పెళ్ళాం పక్కన కూర్చున్నదాని కంటే తొట్టి ముందు కూర్చున్నదే ఎక్కువ, అలా అని తను బాధపడిందా అంటే లేదు, మనిషి వెళ్ళిపోయాక, బాబు బడికి పోయాక, మధ్యాహ్నాలు ఆ హాల్లో కదిలేవి అవే, గాజు దగ్గరికి వేలు పెడితే వేలి వెంట వచ్చేవి అవే, అంతకు ముందు ఒక జట్టు చచ్చిపోయాయి, ఇన్వర్టరు పెట్టించక ముందు, ఎండాకాలం కోతలకి టార్చి సెల్సుతో నడిచే బుల్లి పంపు ఒకటి ఉండేది, దానికి కొత్త సెల్సు వెయ్యడం మర్చిపోయి పెళ్ళికి పోయి, పొద్దుగూకాక తిరిగొచ్చేసరికి అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి, ఫోన్లో చెబితే, చేపల్ని కూడా చూసుకోలేకపోయేవా, అన్నాడు, అంతే, తిట్టలేదు, కేకలెయ్యలేదు, ఆ కూడా అనే మాట ఒక్కటే చెవిలో ముల్లులా ఉండిపోయింది, అంటే ఇంకేవేం చూసుకోలేదని, అడగలేదు, శుక్రవారం ఫోను రాలేదు, ఆ పై శుక్రవారం కూడా రాలేదు, తర్వాత ఇన్వర్టరు బిగించుకోమని కబురు, హాల్లో ఒక లైటుకీ ఒక ఫ్యానుకీ తొట్టికీ లైను ఇప్పించుకో, ఎవరేం అడిగినా చేపల సంగతి చూసుకున్నాకే, అన్నాడు, అదుగో, ఆయనే అన్నాడు, తన తప్పేముంది, రేపు శుక్రవారం, ఫోను చెయ్యగానే చేపలేం చేస్తున్నాయి అంటాడు, ఆ తర్వాత బాబు, బాబు సెలవులకి రాజోలు అమ్మమ్మగారింటికి వెళ్ళేడని చెప్పాలి, ఆ తర్వాత, లైను తెగిపోకుండా ఉంటే, నువ్వు తిన్నావా.

కానీ పది నిమిషాలకి ఏమైపోయేది. బ్యాటరీ పాతదే, ఈమధ్య ఛార్జి నిలబడటం లేదు నిజమే, ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు, అందుకే భయపడింది, భయపడటం తప్పా, అని మూలన గోడకి బిగించిన ఇన్వర్టరు డబ్బా వైపు చూసింది, దాని మీద ఆకుపచ్చ లైటు, పొద్దున్న ఎంత ఆకుపచ్చగా ఉందో ఇప్పుడూ అంతే ఆకుపచ్చగా, సూర్యుడు కొబ్బరిమట్టల పైకొచ్చాక కూడా, ఆకలేసిన బిడ్డ కళ్ళలా కాకుండా తిని పడుకున్న బిడ్డ కళ్ళలా, తాపీగా వెలుగుతూనే ఉంది, దాన్ని చూడలేక చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, వంటింటి కిటికీలోంచి పిన్నివాళ్ళ పెరడు, దండెం మీద పాప గౌన్లు రెండు, రాత్రి తియ్యడం మర్చిపోయి ఉంటారు, పెరటి తలుపు తాళం వేసి ఉంది, తెల్లారాక ఆటో వచ్చిన చప్పుడు విన్నది, విని, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది, పిన్ని కొడుకు బంగారరాజు ఊళ్ళో లేడు, మండపేటలో ఎవరికో చీరలు చూపించడానికి వెళ్ళినవాడు గాలికి అక్కడే చిక్కుపడ్డాడు, ఆడవాళ్ళిద్దరే, పాపని దుప్పట్లో చుట్టుకుని, ఆటో వీధి మలుపు తిరుగుతుంటే పాప దగ్గు, దగ్గుకీ దగ్గుకీ మధ్య ఈల వేసినట్టు ఆ శబ్దం, అది వినపడింది, ఆటో ఇంజను చప్పుడులో కూడా వినపడింది, వినకూడదనుకున్నవన్నీ వినపడుతూనే ఉంటాయి, మరి పిన్నికి మాత్రం ఎందుకు వినపడవు.

ఇడ్లీలు వేసింది. ఎందుకు వేస్తోందో తెలియకుండానే రుబ్బిన పిండంతా వేసేసింది, కొబ్బరి పచ్చడి రోట్లో నూరింది, కేరేజీలో సర్దింది, ఫ్లాస్కులో పాలు పోసింది, తాళం వేసి వీధిలోకి వచ్చేసరికి ఎవరైనా ఎక్కడికమ్మా అని అడిగితే, అమలాపురం అండీ, రమ్యని చూడ్డానికండీ, అని గొంతు కాస్త పెంచి చెప్పాలని ఉంది, ఎవరూ అడగలేదు, మగ్గాల దగ్గర కూర్చున్నవాళ్ళు తల ఎత్తలేదు, షేరు ఆటోలో చివరి సీటు దొరికింది, వేడివేడి కేరేజీ తొడ మీద పెట్టుకుంది, కాలుతోంది, కాలనీ అనుకుంది, రోడ్డు పొడుగునా అరటితోటలు పడుకున్నాయి, కాలవలో కొబ్బరిమట్టలు కొట్టుకుపోతున్నాయి, కరెంటువాళ్ళు స్తంభం ఎక్కి తీగలు లాగుతుంటే కింద జనం మూగి ఎప్పుడొస్తుందండీ అని అడుగుతున్నారు, సాయంత్రానికో రేపటికో అని పైనుంచి సమాధానం, ఈ గాలి ఏం గాలండీ, తొంభై ఆరు తుపాను ముందు ఇది లెక్కలోదా, అన్నాడు ఆటోలో ఎవరో పెద్దమనిషి, అనకపోతే బాగుండును, ఆ మాట అనకుండా ఉంటే ఇడ్లీల గురించి ఆలోచించుకుంటూ వెళ్ళిపోయేది.

తొంభై ఆరులో బాబుకి ఇంకా నెల నిండలేదు. ఇప్పుడున్న డాబా లేదు, ఇదే స్థలంలో పెంకుటిల్లు, భాస్కర్ అప్పటికి మస్కట్ పోలేదు, షావుకారుగారి నూలుకి మగ్గం నేసేవాడు, తను కండెలు చుట్టేది, ఆ రాత్రి పెంకులు ఒక్కొక్కటీ కాదు, వరసలు వరసలుగా లేచి పోతుంటే, బిడ్డని పొట్టకి అదిమి పట్టుకుని గోడ వారనే పాకుతూ పిన్ని ఇంట్లోకి చేరారు, ఆ ఇంటికీ సగం కప్పే మిగిలింది, అందరి బట్టలూ ముద్దలు, ఆరిన గుడ్డ అనేది ఇంట్లో లేదు, బిడ్డ నీలంగా అయిపోయాడు, వణకడం కూడా మానేశాడు, అప్పుడు పిన్ని లేచి, మిగిలిన కప్పు కింద తడవకుండా ఉన్న ఒకే ఒక్క వస్తువు, మగ్గం మీద సగం నేసిన జరీచీర, షావుకారుగారి నూలు, షావుకారుగారి జరీ, దాన్ని కత్తిపీటతో పరపర కోసి తెచ్చి బిడ్డకి చుట్టింది, చుట్టి రవికలో వేసుకుని తెల్లారేదాకా ఒంటి వేడి ఇచ్చింది, ఆ చీర సంగతి తర్వాత షావుకారుగారి అరుగు మీద నుంచుని ఎలా చెప్పుకుందో, ఏం మాటలు పడిందో, ఎన్నాళ్ళు కూలి లేకుండా నేసిందో ఎప్పుడూ చెప్పలేదు, తను కూడా అడగలేదు, అడిగితే ఋణం ఎంతో తెలిసిపోతుందని అడగలేదేమో, ఇన్నేళ్ళకి ఇప్పుడు, కాలుతున్న కేరేజీ పట్టుకుని, ఈ ఆటోలో అనిపిస్తోంది.

ఆసుపత్రిలో జనరేటరు మోగుతోంది. మంచాలన్నీ పిల్లలే, గాలికీ వానకీ అందరికీ రొంపలు, చివరి మంచం మీద రమ్య, మొహం మీద మాస్కు, మాస్కులోంచి పొగ, డొక్కలు ఎగరడం తగ్గినట్టుంది, తగ్గిందా, మంచం చివరే ఆగి చూసింది, తల్లి దుర్గాభవాని అట్టముక్కతో విసురుతూ కూర్చుని, తలెత్తి, వదినా, నువ్వొచ్చేవా, అని నవ్వింది, నిద్ర లేని మొహంతో నిండుగా నవ్వింది, ఈ ఎండలో ఎందుకొచ్చేవు, అంది, పక్క మంచం మీది పిల్లాడి తల్లి ఎవరండీ ఈవిడ అని అడిగితే, అచ్చాయమ్మ పిన్ని కేరేజీ అందుకుంటూ, మా పక్కింటమ్మాయండి, వాళ్ళకి ఇన్వర్టరు ఉంది గానీ రాత్రే బ్యాటరీ అయిపోయిందంటండి, పాపం తనూ చీకట్లోనే ఉందండి, లేకపోతే ఇంత దూరం ఎందుకొచ్చేవాళ్ళం, అంది, తన అబద్ధం, తను తడిగా మురికిగా విసిరిన అబద్ధం, పిన్ని నోటి నుంచి ఉతికి గంజిపెట్టి మడత పెట్టినట్టు బయటికొచ్చింది, రాజ్యలక్ష్మి ఒళ్ళంతా తేలికైపోయింది, వినపడలేదన్నమాట, పిన్నికి వినపడలేదు, దేవుడా, అనుకుంది, ఆ తేలికతనంలో స్టూలు లాక్కుని కూర్చుంది, భవానీ జుట్టు సవరించింది, డాక్టరుగారేవన్నారు, మందులేవేవి రాశారు, అని గలగలా అడిగింది, అడుగుతూ అడుగుతూ, తను సంతోషంగా ఉందని, ఆయాసపడుతున్న పిల్ల పక్కన కూర్చుని సంతోషంగా ఉందని గమనించి, స్టూలు కాలినట్టు లేవబోయింది.

రమ్య కళ్ళు తెరిచింది. మాస్కుని బుల్లిచేత్తో కిందకి లాగి, అత్తా, అంది, మాట్లాడకమ్మా అంటున్నా వినకుండా, ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటూ, అత్తా, కరెంటు లేదు గదా, చేపలకి ఆయాసం వచ్చిందా, అంది, రోజూ మధ్యాహ్నం వచ్చి తొట్టి గాజుకి ముక్కు ఆనించి నుంచునే పిల్ల, ఆ ముక్కు గుర్తు తను రోజూ గుడ్డతో తుడిచే పిల్ల, కళ్ళు ఇంతింత చేసుకుని సమాధానం కోసం చూస్తోంది, రాలేదమ్మా, బానే ఉన్నాయి, చక్కగా తిరుగుతున్నాయి, అంది రాజ్యలక్ష్మి, అనేసింది, పిల్ల భయం తీర్చడానికి నిజం వాడేసింది, నోట్లోంచి మాట వెళ్ళిపోయాక గానీ తెలియలేదు అది ఏ మాటో, రమ్య అమ్మయ్య అని మాస్కు తనే ఎక్కించుకుని కళ్ళు మూసుకుంది, భవాని చేతిలో అట్టముక్క ఆగింది, అది ఆగడం రాజ్యలక్ష్మి చూసింది, జనరేటరు మోగుతూనే ఉంది, భవాని ఆమె వైపు చూడలేదు, అత్తగారి వైపు చూసింది, అచ్చాయమ్మ కేరేజీ గిన్నెలు ఊడదీస్తూ, చేపలకేవుందే, నీళ్ళల్లో పుట్టినవి, గాలి లేకపోయినా ఎంతసేపైనా ఉంటాయి, అంది, కోడలికి చెప్పింది, కోడలు ఊఁ అని మళ్ళీ విసరడం మొదలెట్టింది, కానీ మొహం పాప వైపు తిప్పుకుని, వీపు ఇటు చేసి, అప్పటి నుంచి రాజ్యలక్ష్మి ఉన్నంతసేపూ ఆ వీపు తిరగలేదు, ఇడ్లీలు తింటావా భవానీ అంటే, తర్వాత తింటాలెండి అంది, తింటాలే వదినా అనలేదు, తింటాలెండి, ఆ అండి ఎప్పుడూ లేదు వాళ్ళిద్దరి మధ్య.

గేటు దాకా పిన్ని వచ్చింది. వద్దన్నా వచ్చింది, వేపచెట్టు నీడలో నుంచున్నారు ఇద్దరూ, పిన్నీ, పొద్దున్న, అని మొదలెట్టింది రాజ్యలక్ష్మి, అచ్చాయమ్మ ఆమె చెంగుకి అంటుకున్న కొబ్బరి తురుము దులుపుతూ, రేపో మాపో పంపించేస్తారంటమ్మా, గండం గడిచిందని చెప్పేరు, ఇంకో అరగంట ఆలస్యం అయితే కష్టవే అన్నారనుకో, ఆ మాటెందుకులే ఇప్పుడు, అంది, తర్వాత రోడ్డు వైపు చూస్తూ, అడగని దానికి సమాధానంగా, నాకూ ఈమధ్య చెవులు సరిగా వినపడ్డం లేదమ్మా రాజ్యం, పెద్దదాన్నయిపోయేను, అంది, ఎండెక్కుతోంది, వెళ్ళు తల్లీ, కేరేజీ కడిగి పంపుతాలే, అంది, ఆటో వచ్చేదాకా నుంచుంది, చెయ్యి ఊపింది.

వినపడింది. అంతా వినపడింది, మెట్టు మీద నుంచున్నప్పుడే వినపడింది, విని, పెద్దదాన్నయిపోయేనని తన చెవుల మీద తప్పు వేసుకుంటోంది, ఇంకో అరగంట ఆలస్యమైతే, అని ఆటో చక్రాలు రోడ్డంతా అదే మాట అంటున్నాయి, రాజ్యలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తున్నట్టు ఎవరికీ కనపడకూడదని, ఏడుపు మాత్రం రావడం లేదు, వస్తే ఎంత బాగుండును, చెప్పేస్తాను, అనుకుంది, వాళ్ళు ఇంటికి రాగానే వెళ్ళి కాళ్ళు పట్టుకుని చెప్పేస్తాను, పిన్నీ, చేపల మీద పిచ్చితో అబద్ధమాడేను, ఆయన మనసు కష్టపెట్టుకుంటాడని భయపడి అన్నాను, పోయినసారి చచ్చిపోయినప్పుడు ఆయన ఎంత బాధపడ్డాడో నీకు తెలుసు గదా, మూగజీవాలు, గాలాడక తేలిపోతాయేమోనని చేతులు ఆడలేదు, నీ కూతుర్లాంటిదాన్ని, కడుపులో పెట్టుకో, అని వాక్యం వాక్యం పేర్చుకుంది, పేర్చుకుంటుంటే గుండెల మీద బరువు కొంచెం కొంచెంగా దిగుతున్నట్టనిపించింది, మూగజీవాలు అనే మాట దగ్గర కళ్ళలో తడి కూడా వచ్చింది, బండారులంక సెంటర్లో దిగేసరికి ఆ మాటలన్నీ నోటికి వచ్చేశాయి, చెప్పగలదు, తప్పు చేసింది గానీ చెడ్డదేం కాదు, చేపల కోసం చేసింది, చేపలు కూడా ప్రాణులే.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గ్రిల్లు దగ్గర, ఏమ్మా రాజ్యలక్ష్మీ ఉన్నావా, అని పిలుపు, కనకమ్మగారు, షావుకారుగారి భార్య, స్వయంగా, వెనకాల పనిమనిషి నెత్తి మీద మిక్సీ, చేతిలో ఆవాల డబ్బా, కనకమ్మగారు ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలు, ఎవరి అరుగు కింద నుంచుని తను కండెలు అప్పగించి కూలి తీసుకునేదో ఆ కనకమ్మగారు, గాలికి మామిడికాయలన్నీ రాలిపోయేయమ్మా, ఇవాళ ముక్కలు కొట్టకపోతే మగ్గిపోతాయి, ఆవకాయ పెట్టేద్దామంటే ఆవపిండి లేదు, మా ఇన్వర్టరు ఎప్పుడో మూలపడింది, నీ దగ్గర ఉందని చెప్పేరు, బ్యాటరీ ఉందా, అన్నారు, ఉందండి, అంది రాజ్యలక్ష్మి, రండి రండి, అంటూనే తాళం తీసింది, తడికాళ్ళతోనే లోపలికి పరిగెత్తి కుర్చీ తుడిచింది, మిక్సీ అందుకుంది, ఎక్కడ పెట్టాలా అని చూసి, ఆ ప్లగ్గు చేపలదండి, మిక్సీతో పాటు ఇది కూడా ఉంటే లోడు ఎక్కువై ఆగిపోతుందేమోనండి, పంపు తీసేస్తాను, అంది, అయ్యో చేపలకేం కాదూ అన్నారు కనకమ్మగారు మర్యాదకి, ఏం కాదండీ, మావారు ఎప్పుడో నేర్పేరు, చెంబుతో నీళ్ళు ముంచి కాస్త ఎత్తు నుంచి పోస్తూ ఉంటే చాలు, దాంతోనే గాలి అందుతుంది, గంటైనా బెంగ లేదండి, మీరు నిదానంగా ఆడించుకోండి, అంది, నవ్వుతూ అంది, పంపు ప్లగ్గు పీకేసింది, మిక్సీ ప్లగ్గు పెట్టింది, మిక్సీ రొద హాలంతా నిండింది, ఆవాల ఘాటు ముక్కుకి ఎక్కింది, చెంబు తెచ్చి, తొట్టి మూత తీసి, ముంచి, ఎత్తి, పోసింది, ముంచి, ఎత్తి, పోసింది, చేపలు పోసినచోటికే వచ్చి నోళ్ళు తెరిచాయి, ఏమీ కాలేదు వాటికి, ఎంత బుద్ధిమంతురాలివమ్మా, అన్నారు కనకమ్మగారు మిక్సీ రొద మీద గొంతు పెంచి, రాజ్యలక్ష్మి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

చేపల కోసం కాదు. చెంబు ఇంట్లోనే ఉంది, పొద్దున్నా ఉంది, ఎలా పొయ్యాలో పొద్దున్నా తెలుసు, భాస్కర్ భయం కూడా కాదు, ఆటోలో అంత కష్టపడి పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నిజం కాదు, పిన్ని కాళ్ళు పట్టుకుని అవి చెప్పి ఉంటే అది ఇంకో అబద్ధమయ్యేది, పొద్దున్న ఆ మెట్టు మీద ఈవిడ నుంచుని ఉంటే తాళం దానంతటదే ఊడేది, నుంచున్నది అచ్చాయమ్మ పిన్ని, అందుకని లేదంది, లేదంటే నిలదీయదని, నలుగురిలో అనదని, ఎప్పటికీ తనని వదిలెయ్యదని గట్టిగా తెలుసు గనకే, లేదంది.